శేషాద్రి తేల్చిన గిల్‌క్రిస్ట్ వంశం

శేషాద్రి దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు. దొంగ సర్టిఫికెట్టు పెట్టి దొరికిపోయినవాళ్ళు, పెట్టి ఇంకా దొరకనివాళ్ళు. యూనివర్సిటీలో సర్టిఫికెట్లు సరిచూసే సెక్షన్‌లోనే జీవితమంతా కూర్చున్న మనిషికి మూడో రకం కనపడటం కష్టమే. ఎక్కడెక్కడి ఆఫీసుల నుంచో, ఫలానా అభ్యర్థి డిగ్రీ నిజమైనదేనా అని కాగితాలు వచ్చేవి. శేషాద్రి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, సీలు చూసి, సంతకం చూసి, చివర్లో పెదవి చివర చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వు కనపడిందంటే ఎవడో ఒకడి ఉద్యోగం ఊడినట్టేనని సెక్షన్ మొత్తానికీ అర్థమైపోయేది.

రిటైరయ్యాక ఆ నవ్వుకు పని లేకుండా పోయింది. ఊరుకోవడం చేతకాదు కాబట్టి దాన్ని తార్నాక మీదా, క్యాంపస్ మీదా ప్రయోగించడం మొదలుపెట్టాడు. పొద్దున నడకకు వెళ్తే చెట్ల కింద పుస్తకాలు పట్టుకున్న పిల్లలు కనపడతారు. "అది చదువు కాదు, ఫొటోకు పోజు" అంటాడు. రిటైరైన ప్రొఫెసర్లు ఎదురైతే ఆ మనిషి పీహెచ్‌డీలో ఏ అధ్యాయం ఎవరిదో చెప్పగలనంటాడు. మెట్రో స్తంభాల మీది కోచింగ్ సెంటర్ల బోర్డుల్లో నవ్వుతున్న ర్యాంకర్ల మొహాలను ఒక్కొక్కటిగా అనుమానిస్తాడు. కడప నుంచి ఉద్యోగం కోసం వచ్చి, ఈ ఊళ్ళోనే తల నెరిసినా, ఈ ఊరు తనకు తగదనే అతని నమ్మకం. తగిన ఊరు ఏదో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఇలాంటి మనిషికి కూడా ఒక స్నేహితుడు ఉన్నాడు. పేరు రాబర్ట్ గిల్‌క్రిస్ట్. అందరికీ బాబీ. యూనివర్సిటీ పిల్లలకు హాకీ నేర్పిన కోచ్. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. స్నేహితుడంటే శేషాద్రి ఒప్పుకోడు; "వాడు నాకు తగులుకున్నాడు" అంటాడు. అసలు సంగతి ఏమిటంటే, బాబీ ఉద్యోగంలో చేరిన కొత్తలో అతని కోచింగ్ సర్టిఫికెట్టు సరిచూడమని శేషాద్రి బల్ల మీదికి వచ్చింది. పేరు చూశాడు, మనిషి వేసుకున్న పూల చొక్కా చూశాడు, ఇది ఖాయంగా దొంగదే అనుకున్నాడు. ఎన్ని రకాలుగా తిప్పి చూసినా అది నికార్సయినదే. ఆ నిరాశలో బాబీతో కలిసి టీ తాగాడు. అప్పటి నుంచి తార్నాక ఇరానీ హోటల్లో సాయంత్రం టీ ఇద్దరికీ అలవాటైపోయింది.

బాబీ మాటకారి. ప్రతి క్రిస్మస్‌కూ గళ్ళ టై కట్టుకొని, అది స్కాట్లాండులో తమ వంశం గళ్ళని చెప్పుకునేవాడు. ఆ టై కోఠీలో కొన్నదని శేషాద్రి వెనకాల అతికించిన చీటీతో సహా రుజువు చేశాడు. బాబీ నవ్వేసి మరుసటి ఏడాది మళ్ళీ అదే కట్టుకొచ్చాడు. హాకీ కథలు, రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సుల కథలు అతని దగ్గర కొల్లలు. వాటన్నిటిలోనూ బాగా అరిగిపోయింది ఇంజిన్ కథ. "మా తాత ఇంజిన్ డ్రైవర్ మ్యాన్. ఒకరోజు నన్ను షెడ్డుకు తీస్కపోయి ఒళ్ళె కూసోపెట్టుకొని కూత కొట్టించిండు..." అని మొదలయ్యేది. అక్కడికి వచ్చేసరికి శేషాద్రి పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. హోటల్లోనే కాదు, శేషాద్రి ఇంటికి వచ్చినప్పుడు కూడా బాబీ ఆ కథ చెప్పేవాడు. అప్పుడు శేషాద్రి టీవీ పెట్టేవాడు. వంటింటి గుమ్మంలో నిలబడి లక్ష్మీదేవి వినేది. ఆమె శేషాద్రి భార్య, పాపం మర్యాదస్తురాలు.

బాబీ పెళ్ళి చేసుకోలేదు. అక్కాచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు ఎప్పుడో ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. సీతాఫల్‌మండిలో ఒక గది, గోడ నిండా హాకీ జట్ల ఫొటోలు, అంతే అతని సంసారం. పోయిన ఏడాది గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి, ఇరానీ హోటల్లో బాబీ టీలో బిస్కెట్ ముంచి, అది మెత్తబడి కప్పులో పడిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"శేషూ, నాకొక పని చేసి పెడ్తవా?" అన్నాడు.

పని ఇది. సికింద్రాబాద్‌లో ఒక పాత సమాధుల తోట ఉంది. అందులో కొత్తగా పూడ్చడానికి జాగా ఎప్పుడో నిండిపోయింది. కానీ పాత సమాధిలో ఉన్నవాళ్ళ వంశంవాళ్ళయితే, అదే సమాధి తెరిచి అందులోనే పెడతారు. అక్కడ జాన్ గిల్‌క్రిస్ట్ అని ఒక రాయి ఉంది. స్కాట్లాండులోని పెర్త్‌షైర్ వాడు, పద్దెనిమిది వందల అరవై ఆరులో పోయాడు, కొడుకు నిలబెట్టించిన రాయి అని చెక్కి ఉంది. ఆయన తమ మనిషేనని బాబీ ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ప్రతి నవంబర్‌లో, పోయినవాళ్ళను తలుచుకునే రోజున, దాని మీద కొవ్వొత్తి పెట్టేవాళ్ళు. నోటిమాట చెల్లదు, సంబంధం రుజువు చేయాలని తోట కమిటీ అంటోంది. లేకపోతే ఊరి బయట కొత్త స్థలమే గతి.

"బతికినన్ని రోజులు ఒక్కణ్ణే ఉన్న," అన్నాడు బాబీ. "చచ్చినంక సుత ముక్కూమొఖం తెల్వనోళ్ళ నడుమ ఒక్కణ్ణే ఉండాల్నా? నువ్వు కాగితాల మనిషివి. నువ్వు చెప్తే కమిటీవాళ్ళు కాదనరు."

"చచ్చినాక ఎవరి పక్కన పడుకుంటే ఏమప్పా నీకు? పేకాట ఆడతావా?" అన్నాడు శేషాద్రి. కానీ లోపల ఎన్నాళ్ళనుంచో నిద్రపోతున్న ఆ చిన్న నవ్వు ఒళ్ళు విరుచుకుంది. బాబీగాడి స్కాట్లాండు దొరతనం గుట్టు విప్పే అవకాశం తనంతట తానే వచ్చి చేతిలో పడింది. సరేనన్నాడు.

మర్నాటి నుంచి శేషాద్రి నడక యూనివర్సిటీ లైబ్రరీ దగ్గర ఆగడం మొదలైంది. పాత మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్లు, సైన్యం జాబితాలు ఇప్పుడు కంప్యూటర్లో దొరుకుతాయి. పక్క కుర్చీల్లో నిద్రపోతున్న రీసెర్చ్ స్కాలర్ల వైపు అసహ్యంగా చూస్తూ, నూటయాభై ఏళ్ళ కిందటి పాదిరీల గొలుసుకట్టు రాతను భూతద్దంతో కూడబలుక్కున్నాడు. ఆ పాదిరీల చేతిరాత మీద కూడా అతనికి సదభిప్రాయం కలగలేదు.

ముందు తల్లివైపు తేల్చాడు. వాళ్ళు ఐర్లండు వాళ్ళు. కార్క్ అనే ఊరి నుంచి సిపాయిగా వచ్చిన మైకేల్ రియర్డన్ దగ్గర ఆ తీగ మొదలైంది. ఈ రియర్డన్ సైన్యంలో సాధించినదేమైనా ఉంటే అది తాగుడే. తాగి కవాతుకు రాలేదని ఒకసారి, తాగి వచ్చాడని మరోసారి, తాగి సార్జెంటు టోపీలో పెరుగు పోశాడని ఇంకోసారి శిక్షలు పడ్డాయి. శేషాద్రి ఆ జాబితాను ఇరానీ హోటల్లో నలుగురూ వినేలా, ఆఫీసులో ఉత్తర్వు చదివినట్టు చదివాడు. బాబీ చిన్నబుచ్చుకుంటాడని చూశాడు. బాబీ కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాడు.

"టోపీల పెరుగా? మా మామ గిట్లనే ఉండె మ్యాన్!" అని ఇంకో టీ చెప్పాడు.

శేషాద్రికి ఒళ్ళు మండింది. సిగ్గులేని మనిషిని ఏం చేయగలం? ఇక తండ్రివైపు స్కాట్లాండు సంగతి పట్టాడు.

బాబీ తాత రాబర్ట్ దాకా ఇబ్బంది లేదు, రైల్వే కాగితాలు ఉన్నాయి. రాబర్ట్ తండ్రి పేరు జాన్. ఈ జాన్‌కు పద్దెనిమిది వందల యాభై ఏడులో సికింద్రాబాద్‌లోని స్కాట్లాండువాళ్ళ చర్చిలో బాప్తిస్మం ఇచ్చారు. తండ్రి విలియం గిల్‌క్రిస్ట్. తండ్రికి తండ్రి, అంటే పసివాడికి తాత, జాన్. తాత పేరే మనవడికి పెట్టారు. సాక్షిగా సంతకం చేసినవాడి పేరు కూడా జాన్ గిల్‌క్రిస్టే, పెన్షన్‌దారు అని రాసి ఉంది.

ఇక్కడ శేషాద్రి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. పెదవి చివర నవ్వు వచ్చేసింది.

ఎందుకంటే తాత పేరు మనవడికి ఎప్పుడు పెడతారో శేషాద్రికి తెలుసు. తాత పోయాక పెడతారు. అతనికి శేషాద్రి అనే పేరు పెట్టింది కూడా తాత పోయిన మరుసటి ఏడాదే. మామగారి పేరు నోటితో అనకూడదని అతని తల్లి చచ్చేదాకా అతన్ని "పెద్దోడా" అనే పిలిచింది. ముసలాయన అరుగు మీద కూర్చొని ఉండగా ఆయన పేరే పసివాడికి పెట్టి, కోడలు "ఒరే" అని ఆ పేరు పట్టుకొని తిడుతుంటే వినే ఇల్లు ప్రపంచంలో ఉంటుందా? కాబట్టి మనవడికి పేరు పెట్టిన యాభై ఏడు నాటికి తాత జాన్ పోయి ఉండాలి. అరవై ఆరు దాకా బతికి ఆ రాయి కింద పడుకున్న జాన్ వేరేవాడు. సాక్షి సంతకం పెట్టింది కూడా ఆ వేరేవాడే, ఏ చిన్నాయన వరసో అయ్యుంటాడు. ఇంకా వెతికితే బళ్ళారిలో యాభై అయిదులో పోయిన జాన్ గిల్‌క్రిస్ట్ ఒకడు కనపడ్డాడు. సైన్యంలో గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. లెక్క సరిపోయింది. దొరగారి వంశం లాడాల దగ్గర తేలింది.

అలవాటు చెడ్డది. సర్టిఫికెట్ల సెక్షన్‌లో ఒక నియమం ఉండేది: రిపోర్టు అడిగిన ఆఫీసుకే నేరుగా పంపాలి, అభ్యర్థికి ముందుగా చూపించకూడదు. శేషాద్రి తన రిపోర్టును చక్కగా టైపు చేయించి, సదరు సమాధి దరఖాస్తుదారుని వంశానికి చెందినదని రుజువు కాలేదు అని కింద గీత గీసి, బాబీకి ఒక్క ముక్క చెప్పకుండా కమిటీకి ఇచ్చి వచ్చాడు. దారిలో కొబ్బరిబొండాం తాగాడు. రిటైరయ్యాక అంత తృప్తిగా ఎప్పుడూ లేడు.

కమిటీ బాబీ దరఖాస్తు తోసిపుచ్చింది. ఆ మర్నాడు సాయంత్రం బాబీ ఇరానీ హోటల్‌కు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. "నిజం చెబితే ఉడుక్కునే రకాలు," అనుకున్నాడు శేషాద్రి. ఒక్కడే కూర్చొని టీ తాగాడు. ఎదురుగా ఎవరూ మాట్లాడకపోతే పేపరు తెరవడంలో సుఖం లేదని కొంత ఆలస్యంగా తెలిసింది. అయినా తెరిచాడు.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, అన్నం వడ్డిస్తూ లక్ష్మీదేవి అడిగింది.

"బాబీ అన్న ఈ మధ్య కనపడలేదే? మీరేమైనా అన్నారా?"

"నేనెందుకంటాను? ఉన్నమాట రాసినా." శేషాద్రి జరిగిందంతా చెప్పాడు. తాత పేరు లాజిక్కు దగ్గర గొంతులో పాత ఆఫీసు ధీమా పలికింది. "బతికుండే తాత పేరు ఎవరైనా పెడతారా? అక్కడే దొరికిపోయినాడు."

లక్ష్మీదేవి చేతిలోని గరిటె పప్పు గిన్నెలోనే ఆగిపోయింది.

"అదేంది, వాళ్ళింట్లో పెడతారు గదా."

"ఎవరు చెప్పినారు?"

"బాబీ అన్నే. ఇంజిన్ కథలో. వాళ్ళ తాత పేరు కూడా రాబర్టే గదా, ఆయన్నీ బాబీ అనే పిలిచేవాళ్ళంట. షెడ్డులో ఎవరైనా బాబీ అని కేకేస్తే తాతా మనవడూ ఇద్దరూ ఒకేసారి తిరిగి చూసేవాళ్ళంట. ఎన్నిసార్లు చెప్పినాడు! మీరు పక్కనే ఉంటిరి కదా?"

శేషాద్రి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. రాబర్ట్ తాత, రాబర్ట్ మనవడు. మనవడు తాత ఒళ్ళో కూర్చున్నాడంటే తాత బతికున్నట్టేగా. రెండు ముక్కలూ తన దగ్గరే ఉన్నాయి, ఇద్దరు బాబీల మాట చెవిన పడి ఉంటే అవి కలిసేవి. రిజిస్టర్‌లోని సాక్షి సంతకం కళ్ళ ముందు కదిలింది. జాన్ గిల్‌క్రిస్ట్, పెన్షన్‌దారు. ఆ ముసలాయన మనవడికి తన పేరు పెడుతుంటే చర్చిలో ఎదురుగా నిలబడి, స్వయంగా సంతకం చేశాడు. ఆ సంతకాన్ని భూతద్దం పెట్టి మరీ చూసి, వేరేవాడిదని తేల్చింది తనే. బళ్ళారి లాడాలవాడికి ఈ కుటుంబంతో పేరు తప్ప ఇంకే సంబంధమూ లేదు. శేషాద్రికి సిగ్గేసింది. అన్నం ముందు కూర్చొని అంత సిగ్గుపడిన రోజు అతని జీవితంలో ఇంకోటి లేదు.

"ముద్ద మింగండి," అంది లక్ష్మీదేవి.

మర్నాడే కమిటీ ఆఫీసుకు వెళ్ళాడు. సెక్రటరీ భూపాల్ సమాధుల తోట గేటు పక్క గదిలో ఫ్యాన్ కింద కూర్చొని ఉన్నాడు. లేచి కుర్చీ వేశాడు.

"రండి సార్. మీ రిపోర్టు చూసి కమిటీ మొత్తం ఖుషీ. గింత పక్కాగా ఎవ్వరు రాయలే ఇప్పటిదాక."

"అది తప్పు," అన్నాడు శేషాద్రి. కుర్చీలో కూర్చొని మళ్ళీ అన్నాడు. "ఆ రిపోర్టు తప్పు. రాయి కింద ఉండేది బాబీ వాళ్ళ మనిషే. సాక్షి సంతకం ఆయనదే."

"మరి కాదని రాసింది ఎవరు సార్?"

"నేనే."

భూపాల్ కాసేపు అతనివైపు చూశాడు. శేషాద్రి ఆ చూపును గుర్తుపట్టాడు. బల్లకు ఇవతల కూర్చొని ఆ చూపు పడటం ఇదే మొదటిసారి. ఎందుకు అలా పొరబడ్డాడో చెప్పమంటే, తాత పేరు సంగతి అంతా చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే అది మరీ తెలివితక్కువగా వినపడింది. భూపాల్ మధ్యలోనే పగలబడి నవ్వాడు.

"మా క్రిస్టియన్ల ఇండ్లల్ల బతికున్నోళ్ళ పేర్లే పెట్టుకుంటం సార్. మా మనవడు సుత భూపాలే, మొన్న మార్చిల పెట్టినం. ఒక్కమాట అడిగితే నేను చెప్తుంటి గద. బాబీ సార్‌ని అడిగినా చెప్తుండె. ఎవర్ని అడగకుండ మీరే రాసేస్తే ఎట్ల?"

ఆయనే కాగితం, పెన్నూ ఇచ్చాడు. శేషాద్రి సొంత దస్తూరీతో, నా రిపోర్టు పొరపాటు, ఈ సమాధి దరఖాస్తుదారుని పూర్వీకునిదే అని రాసి సంతకం చేశాడు. భూపాల్ ఆ కాగితాన్ని తీసుకొని, కళ్ళ దగ్గర పెట్టుకొని, సంతకాన్ని పాత రిపోర్టులోని సంతకంతో పోల్చి చూశాడు. అలా చూస్తాడని శేషాద్రికి తెలుసు. తనైనా అలాగే చూసేవాడు.

కమిటీ ఒప్పుకుంది. ఆ కబురు తనే చెప్పాలని శేషాద్రి సీతాఫల్‌మండి వెళ్ళాడు. రైలు పట్టాల పక్క సందులో బాబీ గది తలుపు తీసే ఉంది. బాబీ బాగా చిక్కిపోయాడు. మంచం మీంచి లేచి, కుర్చీ మీది బట్టలు తీసి, కూర్చోమన్నాడు.

"ఖబర్ తెల్సింది. భూపాల్ ఫోన్ చేసిండు," అన్నాడు. "థాంక్యూ సార్."

ఇన్నేళ్ళ పరిచయంలో బాబీ అతన్ని సార్ అనలేదు. మొదటిసారి కలిసిన రోజు, సర్టిఫికెట్టు చేతికిస్తున్నప్పుడు మాత్రం అన్నాడు.

"సార్ ఏందిరా?" అన్నాడు శేషాద్రి. "తప్పు చేసినా. ఒప్పుకున్నా కదా. రాసి కూడా ఇచ్చినా."

"అవును సార్. చెప్పిండు. పక్కాగా రాసి ఇచ్చినరంట."

బయట ఎంఎంటీఎస్ రైలు పోయింది, గోడ మీది ఫొటోలు సన్నగా అదిరాయి. ఎదుటివాడిలో తప్పు పట్టడానికి తప్ప మాటలు వెతుక్కునే అవసరం శేషాద్రికి ఎప్పుడూ రాలేదు. చివరికి అన్నాడు:

"ఆ ఇంజిన్ కథ చెప్పు బాబీ. ఈసారి వింటా."

"మీకు తెల్సింది గద సార్. మస్తు సార్లు చెప్పిన."

"తెలుసు. మీ తాత షెడ్డుకు పిలుచుకపోయినాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకొని నీతో కూత కొట్టించినాడు..." శేషాద్రి ఆగాడు. షెడ్డులో ఇద్దరు బాబీలు తిరిగి చూడటం నిన్నగాక మొన్న పెళ్ళాం చెబితే తెలిసింది. కూత కొట్టాక ఏమైందో, తాత ఏమన్నాడో, పిల్లవాడు భయపడ్డాడో నవ్వాడో అతని దగ్గర ఏమీ లేదు. "తర్వాత?" అన్నాడు.

బాబీ అతనివైపు తీరిగ్గా చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని శేషాద్రికి అనిపించింది.

"తర్వాతది మీకు పేపర్ల వచ్చి ఉంటది సార్," అన్నాడు బాబీ. "గాడికి రాంగనే రోజూ అదే కదా మీరు చదివింది."